మండింది నాకు, ఎండింది అక్కకు

చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో నొప్పులన్నీ నావి, ఓపికంతా మా అక్కది. కాలికి గాజుముక్క గుచ్చుకుంటే నేను చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో మా సందు చివరిదాకా వినిపించేలా ఏడ్చేవాణ్ణి. అక్క తన కాల్లోని గాజుముక్కను తానే పీకి పారేసి, కాలు కడుక్కుని వచ్చి అన్నానికి కూర్చునేది. ఆ తరవాతెప్పుడో అమ్మ నేలమీద నెత్తుటి మరక చూసి అడిగితే, "అదా, ఏమీ లేదుమా" అనేది. ఇప్పుడు నాకు యాభై దాటాయి, ఆమెకు అరవై దగ్గరపడ్డాయి. అయినా ఆ పంపకంలో మార్పు రాలేదు. అందుకే ఆ మధ్య నా కళ్ళు మండడం మొదలైనప్పుడు మావాళ్ళెవరూ కంగారుపడలేదు.

నేను డబ్బింగ్ సీరియళ్ళకు తెలుగు మాటలు రాస్తాను. వేరే భాషలో తీసిన సీరియల్‌ను కంప్యూటర్‌లో ముక్కముక్కగా ఆడించుకుంటూ, తెరమీది మనిషి పెదవులు ఎలా కదిలితే అలా పలికే తెలుగు మాటను వెతకాలి. అక్కడ పెదవులు మూసుకుంటే ఇక్కడ పకారమో బకారమో మకారమో పడాలి. నోరు తెరుచుకుని ఉండగా వాక్యం ముగిసిపోకూడదు. "నిన్ను వదలను" అని రాయడానికి పెదవులు ఒప్పుకోకపోతే "పోనివ్వను నిన్ను" అని తిప్పి రాయాలి. ఈ పనిలో ఉన్నంతసేపూ నా చూపు ఇతరుల మూతులమీదే ఉంటుంది. రెప్ప వేస్తే ఆ క్షణంలో పెదవి కదలిక జారిపోతుంది. వెనక్కి తిప్పి మళ్ళీ చూడాలి. ఆ చాకిరీ ఎందుకని, నాకు తెలియకుండానే రెప్ప వేయడం మానేశానని తరవాత అర్థమైంది.

మొదట మధ్యాహ్నం పూట కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉండేది. తరవాత మిరపకాయల ఘాటు తగిలినట్టు మంట. సాయంత్రానికి ఏసీ గాలి సూదుల్లా తగిలేది, గదిలో లైటు చూడలేకపోయేవాణ్ణి. ఈ సంగతి నేను నాలోనే దాచుకోలేదు. మా ఆవిడకు చెప్పాను. అంబత్తూరులో మా వీధి మలుపున టీ పోసే ఆయనకు చెప్పాను. రోజూ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి అన్ని వివరాలతో చెప్పాను.

"కళ్ళు మండతా ఉండాయే అక్కా. లోపల ఎవరో అగరొత్తి వెలిగించి పెట్టినట్టుగా ఉండాది."

"నీళ్ళు కొట్టుకో, పోతాది."

"కొట్టినా. పోలేదు."

"అయితే సుమ్మా, ఊరికే కళ్ళు మూసుకోని పడుకో. నీకు చిన్నప్పటి నుంచీ ఇదే గదరా. చీమ కుడితే పాము కరిచిందంటావు."

అక్కకు వాషర్‌మెన్‌పేట్‌లోనే జాకెట్టు గుడ్డల దుకాణం ఉంది. మేము పుట్టి పెరిగిన సందుకు దగ్గరలోనే. చీర తెచ్చి ఎదురుగా పరిస్తే, ఆ రంగుకు సరిపడే గుడ్డను అరల్లోంచి లాగి ఇస్తుంది. చీరలకు ఫాల్ కూడా కుట్టి ఇస్తుంది. రోజంతా వీధి ధూళిలో, ట్యూబులైట్ల కింద, రంగులు చూస్తూనే కూర్చుంటుంది. ఒక్కనాడూ కళ్ళ గురించి మాట అన్న మనిషి కాదు. ఎదురుగాలి కొడితే మాత్రం కళ్ళవెంట ధారగా నీళ్ళు కారేవి. కొంగుతో తుడుచుకుని తన పని తాను చూసుకునేది. కొత్తగా వచ్చిన బేరగత్తెలు అది చూసి, పాపం ఏం కష్టమోనని బేరమాడకుండా కొనుక్కుపోయేవాళ్ళని బావ నవ్వేవాడు.

చివరికి ఒకనాడు తెరమీద పెదవులు రెండు జతలుగా కనబడడంతో నేను కంటి ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. కళ్ళలో మందు వేస్తే చూపు మసకబారుతుంది, తోడు ఎవరైనా ఉండాలని అక్కడివాళ్ళు ఫోన్లో చెప్పారు. మా ఆవిడకు ఆ వారం ఆఫీసులో సెలవు దొరకలేదు. అక్కను అడిగాను. తిడుతూనే బావను దుకాణంలో కూర్చోబెట్టి వచ్చింది. ఒక డబ్బాలో ఇడ్లీలు కూడా తెచ్చింది.

"నీ కళ్ళకు ఏమీ ఉండదు. అయినా పోదుం పా. వాళ్ళే చెప్పితే అయినా నీ నోరు మూతపడతాది" అంది ఆటోలో కూర్చుంటూ. ఆటో కదలగానే గాలికి ఆమె కళ్ళవెంట నీళ్ళు మొదలయ్యాయి.

ఆసుపత్రిలో ముందుగా పరీక్షలు చేసే అమ్మాయి నన్ను కూర్చోబెట్టింది. నవ్వుముఖం, తమిళ పిల్ల. ఆమెతో మాటలన్నీ తమిళంలోనే నడిచాయి. పక్క కుర్చీలో అక్క కూర్చుంది. ఆ అమ్మాయి ఒక్కొక్క ప్రశ్నే అడగసాగింది. కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉంటుందా? ఉంటే ఎప్పుడూనా, అప్పుడప్పుడూనా? వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా? ఏసీ గదిలో ఎలా ఉంటుంది?

నా జీవితంలో ఇంత శ్రద్ధగా నా బాధను అడిగినవాళ్ళు లేరు. మాటలు రాసుకుని బతికేవాణ్ణి, ఊరుకుంటానా? ఇసుకంటే మెరీనా ఇసుక కాదు, ఎన్నూరు రోడ్డుమీద లారీలు లేపే సన్నటి బూడిదలాంటిదన్నాను. మంట మధ్యాహ్నం ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా ఉంటుందని, ఆ రెండింటికీ తేడా ఏమిటో వివరించాను.

"సార్, ఎప్పుడూ ఉంటుందంటే చాలు సార్" అంది ఆ అమ్మాయి మెల్లగా.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తరవాత పరీక్షలు. గడ్డమూ నుదురూ ఆనించే యంత్రం ముందు కూర్చోబెట్టి, కంట్లో పసుప్పచ్చటి రంగు అద్ది, నీలం వెలుతురు వేసి చూసింది. రెప్ప వేయకుండా ఉండమంది. అది నాకు అలవాటైన విద్యే. కంటిమీద కన్నీరు పల్చటి పొరలా పరుచుకుని ఉంటుందట. రెప్ప తెరిచాక ఆ పొర ఎంతసేపు చెదరకుండా నిలుస్తుందో చూడాలట. కంటిపొర ఎక్కడైనా దెబ్బతిని ఉంటే ఆ రంగు అక్కడ చుక్కలుగా పట్టుకుంటుందట. ఆ తరవాత కాసేపు ఆగి, సన్నటి కాగితపు పట్టీలు తెచ్చి రెండు కళ్ళ కింది రెప్పల అంచుల్లో తగిలించింది. కన్నీరు ఆ కాగితాన్ని ఎంతదూరం తడుపుతుందో చూస్తారు. కళ్ళనుంచి కాగితాలు వేలాడుతూ నేను బొమ్మలా కూర్చుంటే, అక్క నా వైపు చూసి, చూడలేక, గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తూ నవ్వింది.

పట్టీలు తీసి చూసి ఆ అమ్మాయి అంది: "నీరు బాగానే ఉంది సార్. కంటిమీద మచ్చలేమీ లేవు, నున్నగా ఉంది. కన్నీటి పొర మాత్రం కొంచెం తొందరగా విడిపోతోంది. అంతే."

"అంతేనా?" అన్నాను. ఆ మాట నాకే దీనంగా వినిపించింది. చెప్పింది కొండంత, కనబడింది గోరంత. పరీక్షలో తప్పిన పిల్లాడిలా కూర్చున్నాను.

"అప్పుడే చెప్పినా గదరా!" అక్క తొడమీద చరుచుకుంది. "ఏమీ లేదంట, విన్యావా? ఈ పొద్దంతా అంగడి ఇడిసిపెట్టి వొచ్చినాను దీనికి!" అంటూ నవ్వుతుంటే ఆమె కళ్ళవెంట నీళ్ళు కారాయి. కొంగుతో ఒత్తుకుంది. నవ్వు ఆగాక కూడా కారుతూనే ఉన్నాయి, మళ్ళీ ఒత్తుకుంది.

ఆ అమ్మాయి చేతిలోని పనాపి అక్కవైపు చూసింది. "అమ్మా, మీకు ఎప్పుడూ ఇలా నీళ్ళు కారుతుంటాయా?"

"గాలికి. అదేమీ లేదు."

"ఒకసారి మీ కళ్ళు కూడా చూడనా?"

"నా కళ్ళా? బాగా చూడు తల్లీ. నిజమైన కళ్ళు ఎట్లుంటాయో వీడికి కూడా చూపించు" అని అక్క నా కుర్చీలో దర్జాగా కూర్చుంది. కళ్ళు మండుతాయా అంటే లేదంది. ఇసుక పడ్డట్టు ఉంటుందా అంటే లేదంది. నొప్పి, దురద, వెలుతురు బాధ, దేనికీ ఆమె జవాబు మారలేదు. ఆ అమ్మాయికి పని తొందరగా అయిపోయింది.

రంగు అద్ది నీలం వెలుతురులో చూడడం మొదలుపెట్టాక మాత్రం ఆమె చాలాసేపు తల ఎత్తలేదు. ఒక కన్ను చూసి, రెండో కన్ను చూసి, మళ్ళీ మొదటి కన్ను చూసింది. తరవాత కాగితపు పట్టీలు పెట్టింది. ఈసారి నవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను కానీ, తీసిన పట్టీలు చూసి నవ్వు రాలేదు. అంచున కాస్త తడి, అంతే. మిగతా కాగితమంతా కొత్తగా ఉంది.

"డాక్టరమ్మను పిలుస్తాను" అని లేచింది ఆ అమ్మాయి.

డాక్టరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన మనిషి. మేము తెలుగువాళ్ళమని తెలిసి ముఖం విప్పారింది. అక్క కళ్ళు తానూ చూసింది. నన్ను పిలిచి, యంత్రానికి తగిలించిన చిన్న తెరమీద చూపించింది. అక్క నల్లగుడ్డు మీద, కింది భాగమంతా, పచ్చటి చుక్కలు పొడి చల్లినట్టు మెరుస్తున్నాయి.

"ఇవన్నీ కన్ను ఎండిపోయి పొర రేగిన చోట్లండీ" అంది డాక్టరమ్మ.

అక్క ఒప్పుకోలేదు. "ఎండిపొయ్యేదేంది డాక్టరమ్మా? నా కంట్లో దినమూ నీళ్ళు కారతానే ఉండాయి గదా. వీడికి ఒక బొట్టు రాదు. ఎండితే వీడి కండ్లు ఎండాల."

"గాలికి కారే నీళ్ళు వేరమ్మా. కన్ను లోపల ఎండిపోయి, ఓర్చుకోలేక ఒక్కసారిగా నీళ్ళు కుమ్మరిస్తుంది. అవి బుగ్గ మీదికి జారిపోతాయి గానీ కంటిమీద నిలవవు. రోజంతా కంటిని తడిపి ఉంచాల్సిన నీరు మీకు తగ్గిపోయింది."

"మరి నాకు ఈడ ఏమీ నొప్పి లేదే?"

డాక్టరమ్మ దూదిని సన్నటి పోగులా మెలిపెట్టి తెచ్చింది. ముందు నా కంటికి పక్కనుంచి దాని కొసను తాకించింది. తాకిందో లేదో నా తల వెనక్కి విసిరేసినట్టు పోయింది. కుర్చీ కిర్రుమంది. తరవాత అక్క కంటికి తాకించింది. అక్క అలాగే చూస్తూ ఉంది. ఇంకొకసారి తాకించింది. రెప్ప కూడా కొట్టలేదు.

"పెట్టినారా డాక్టరమ్మా?" అని అడిగింది అక్క.

అక్క నా ముఖంలోకి చూసింది. ఏదో జరిగిందని అప్పుడు ఆమెకు తెలిసింది.

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని మా ఇద్దరికీ కలిపి చెప్పింది. కళ్ళు పొడిబారడంలో పేషెంటు చెప్పేది ఒకటి, తాము చూసేది ఒకటి ఉంటాయంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయని నమ్మకం లేదట. కొందరు భరించలేమంటారు, కంట్లో చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. కొందరి కన్ను లోపల అంతా రేగిపోయి ఉంటుంది, వాళ్ళు హాయిగా ఉన్నామంటారు. అందుకే చెప్పేది పూర్తిగా వినాలి, చూసేది పూర్తిగా చూడాలి, ఒకదాన్ని నమ్మి రెండోదాన్ని కొట్టిపారేయకూడదు అంది.

"అక్కా తమ్ముళ్ళు ఇద్దరూ ఒకేరోజు ఇట్లా చెరోవైపు నుంచి రావడం మాత్రం నేను చూడలేదు" అని నవ్వింది.

అక్క నా వైపు వేలు చూపించింది. "అయితే వీడిది? వీడి మంట నిజమేనా?"

"నూటికి నూరుపాళ్ళూ నిజమేనమ్మా. తడి పొర తొందరగా విడిపోయినప్పుడల్లా ఆయన నరాలకు తెలిసిపోతోంది. అవి బాగా చురుగ్గా ఉన్నాయి, కొంచెం జరిగినా గట్టిగా చెబుతాయి. మీ నరాలు అలసిపోయి చెప్పడం మానేశాయి. కళ్ళు ఎన్నాళ్ళుగానో ఎండిపోయి ఉండుంటాయి. షుగర్ ఉందా?"

ఉంది. దానికి మాత్రలు వేసుకుంటుంది. దాని గురించి కూడా ఆమె ఎప్పుడూ మాట్లాడదు.

నాకప్పుడు కలిగిన సంతోషం చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. అక్కకు జబ్బు బయటపడిన గదిలో కూర్చుని నేను లోలోపల గంతులేశాను. యాభై ఏళ్ళ జీవితంలో మొదటిసారి, ఒక చదువుకున్న మనిషి, మా అక్క ఎదుట, నా నొప్పి నిజమేనని చెప్పింది. అక్క కూడా నన్ను వింతగా చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"నిజంగానే మండతా ఉండిందారా?"

"అవునే అక్కా. అబద్ధమెందుకు చెప్తాను?"

"అయ్యో" అంది. చెయ్యి చాపి నా బుగ్గ తడిమింది. ఆ చేతికి గంజి పెట్టిన కొత్త గుడ్డ వాసన ఉంది.

డాక్టరమ్మ అక్కను మళ్ళీ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. ఈసారి మంట, నొప్పి అన్న మాటే ఎత్తలేదు.

"సూదిలో దారం ఎక్కించడం ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

"అదేంది అడగతారు! ఈ మధ్యన సూదులు చేసేవాళ్ళు బెజ్జాలు బో చిన్నవి చేస్తా ఉండారు. దారం కూడా మంచిది రావడం లేదు."

"రాత్రిపూట బండ్ల లైట్లు?"

"ఇప్పుడొచ్చే బండ్లకు లైట్లు రొంబ పెద్దవి. కండ్లలో కొట్టినట్టుంటాది. అట్లాంటివి ఎట్లా వొదులుతారో రోడ్డు మీదికి."

"టీవీ చూస్తారా?"

"మా టీవీ పాతదైపొయింది. బొమ్మ అప్పుడప్పుడు మసకగా వొస్తాది. రెప్ప కొడితే సరిగ్గా అవతాది."

చివరిమాట అనేశాక ఆగిపోయింది అక్క. రెప్ప కొడితే టీవీ ఎలా బాగవుతుంది? తన మాట తనకే వినిపించింది కాబోలు, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. పక్కన నిలబడ్డ తమిళ అమ్మాయికి ఆ భాష ఎంతవరకు అర్థమైందో తెలియదు కానీ ముందు ఆమే నవ్వింది. తరవాత డాక్టరమ్మ, తరవాత నేను. చివరికి అక్క కూడా నవ్వేసింది. లోకంలో సూదుల వాళ్ళకూ, దారాల వాళ్ళకూ, బండ్ల వాళ్ళకూ అంటగట్టినదంతా తన కళ్ళలో ఉన్నదే.

నోరు ఎండిపోతుందా, కీళ్ళ నొప్పులున్నాయా అని కూడా అడిగి, డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసింది. వాటిలో షుగర్ కాస్త ఎక్కువగా ఉండడం తప్ప భయపడాల్సిందేమీ రాలేదు. అక్కకు కన్ను తడిపే చుక్కల మందు, రాత్రి పడుకునేటప్పుడు రాసుకునే జెల్లు ఇచ్చారు. ఇద్దరికీ వేడినీళ్ళలో పిండిన గుడ్డతో కళ్ళమీద కాపడం పెట్టుకోమన్నారు. రెప్పల అంచుల్లో ఉండే నూనె కరిగి కన్నీటి పొరమీద పరుచుకుంటే తడి తొందరగా ఆరిపోదట. నాకు పనిలో మధ్యమధ్య దూరం చూడమనీ, రెప్పలు పూర్తిగా మూసి తెరవమనీ, ఏసీ గాలి ముఖానికి తగలకుండా కుర్చీ తిప్పుకోమనీ చెప్పారు. కొన్నాళ్ళకు అక్క కంటి మూలలో నీరు కిందికి పోయే సన్నటి రంధ్రానికి చిన్న బిరడా పెట్టారు, ఉన్న కాస్త నీరూ కంటిమీదే నిలవాలని.

"వాష్‌బేసిన్‌కి మూత పెట్టినట్టా?" అని అడిగింది అక్క.

"అచ్చం అట్లాగే" అంది డాక్టరమ్మ.

నా రెప్పల పని మాత్రం సులభం కాలేదు. రెప్ప వేయాలని గుర్తుపెట్టుకుంటే మాట తప్పిపోతుంది, మాట మీద పడితే రెప్ప మరిచిపోతాను. చివరికి ఒక ఉపాయం దొరికింది. తెరమీది పాత్ర రెప్ప వేసినప్పుడల్లా నేనూ వేయాలనుకున్నాను. నేను రాస్తున్న సీరియల్‌లో కోడలు పిల్ల మంచిది, మాటమాటకూ రెప్పలు అల్లాడిస్తుంది. ఆమె సీన్లు రాసిన రోజు నా కళ్ళు చల్లగా ఉండేవి. అత్తగారి పాత్రతోనే వచ్చింది చిక్కు. కెమెరా ముఖంలోకి దూసుకొచ్చినా, మూడుసార్లు అటూ ఇటూ తిరిగినా, ఆమె రెప్ప వేయదు. ఆమె సీన్లలో ఉరుము శబ్దం వచ్చినప్పుడల్లా వేస్తే సరిపోతుందని కనిపెట్టాను. ఆ సీరియల్‌లో ఉరుములకు కొదవ లేదు. కొన్ని వారాల్లో సాయంత్రం పూట లైటు చూడగలుగుతున్నాను, పెదవులు ఒకే జత కనబడుతున్నాయి. నా దగ్గర చెప్పుకోవడానికేమీ మిగలకపోతే రోజూ అక్కకు ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలియలేదు.

అలాంటి ఒక పొద్దున ఆమే ఫోన్ చేసింది. గొంతు ఎప్పుడూ వినని రకంగా ఉంది.

"రేయ్! కండ్లు మండతా ఉండాయిరా!"

నేను కుర్చీలోంచి లేచాను. "ఏమైందే?"

"ఏమైందో నాకేం తెలుసు? పొద్దున లేచినప్పటి నుంచీ గుచ్చతా ఉండాది. నువ్వు చెప్పినావే అగరొత్తి, అదే. అట్లనే ఉండాది. ఆ మందు సరి లేదు. ఆ బిరడా సరి లేదు. తీసేయమను!"

అంబత్తూరు నుంచి రైలు పట్టుకుని వెళ్ళాను. ఆషాఢం తగ్గింపు అమ్మకాలు నడుస్తున్నాయి, ఆమె వీధిలో మనిషి దూరే సందు లేదు. అంత రద్దీ రోజున అక్క దుకాణం బావకు అప్పజెప్పి, గుమ్మంలో నాకోసం నిలబడి ఉంది. అలాంటి రోజున ఆమె దుకాణం వదలడం నేనెరుగను. నాకు నిజంగానే భయం వేసింది.

ఆసుపత్రిలో అదే అమ్మాయి. అవే ప్రశ్నలు. ఈసారి అక్క జవాబులు చెప్పింది. మంట ఎలా మొదలవుతుందో, ఎక్కడెక్కడ గుచ్చుతుందో, ఎడమకంటికి కుడికంటికి తేడా ఏమిటో, నిన్నటికీ ఇవాల్టికీ తేడా ఏమిటో. ఆ అమ్మాయి రెండుమూడుసార్లు ఏదో అనబోయి, నా ముఖం చూసి, చిరునవ్వుతో ఊరుకుంది.

తరవాత నీలం వెలుతురు. డాక్టరమ్మ వచ్చి చూసింది. తెరమీద మాకు చూపించింది. కిందటిసారి పొడి చల్లినట్టున్న పచ్చచుక్కలు ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. కాగితపు పట్టీలు కూడా ముందుకన్నా తడిశాయి. దూదిపోగు కొస తాకించగానే అక్క "ఆఁ!" అని కేకపెట్టి డాక్టరమ్మ చెయ్యి పట్టేసుకుంది.

డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. "బ్రహ్మాండం!"

"ఏంది బ్రహ్మాండం? నాకు మండతా ఉండాదంటే!"

"అందుకేనమ్మా. పొర మానుతోంది. నరాలు మేలుకున్నట్టున్నాయి. ఇన్నాళ్ళూ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాయి. కొన్నాళ్ళు ఓర్చుకుంటే ఈ మంట కూడా తగ్గుతుంది. కావాలంటే చుక్కలు మార్చి ఇస్తాను. కానీ ఇది మంచి కబురే."

నా కళ్ళు కూడా చూశారు. కన్నీటి పొర అప్పటిలాగే కొంచెం తొందరగా విడిపోతూనే ఉందట. కానీ నాకు మంట లేదు, చెప్పడానికి ఏమీ లేదు. అక్క కళ్ళు బాగుపడి మంట వచ్చింది, నా కళ్ళు ఉన్నచోటే ఉండి మంట పోయింది. డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరినీ మా విద్యార్థులకు చూపించాలండీ" అంది.

బయటికొచ్చి ఆటో ఎక్కాక అక్క మొదలుపెట్టింది. కళ్ళతో ఆగలేదు. ఆటో సీటు గుచ్చుతోందంది. కొత్త చెప్పులు కరుస్తున్నాయంది. ఎడమ మోకాలు మెట్లెక్కేటప్పుడు నొప్పి పుడుతుందని చెప్పింది. ఎప్పటినుంచని అడిగితే, చిన్నకొడుకు పుట్టినప్పటి నుంచి అంది. వాడికిప్పుడు పెళ్ళీడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు చెప్తా ఉన్నావు గదరా అన్నీ. ఇంట్లో ఒకరు చాలు అనుకున్నానేమో."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "ఇంకా ఏముండాయో చెప్పు" అన్నాను. చెప్పింది. వాషర్‌మెన్‌పేట్ వచ్చేదాకా చెప్పింది. చిన్నప్పుడు చెవులు కుట్టించినప్పటి నొప్పి కూడా చెప్పింది. ఆ రోజు ఆమె నవ్వుతూ నిలబడిందని అమ్మ నాకు కథలు కథలుగా చెప్పి, అక్కను చూసి నేర్చుకోమనేది. "ప్రాణం పొయినట్టే అయిందిరా" అంది అక్క. వింటుంటే నాకు ఒళ్ళంతా తేలికైంది. అంతవరకూ ఎక్కడో ఎత్తున కూర్చున్న మనిషి మెట్లు దిగి వచ్చి నా పక్కన కూర్చున్నట్టుంది.

ఆ మంట కొన్ని వారాల్లో తగ్గిపోయింది. మోకాలు కూడా చూపించుకుంది. చుక్కల మందు మాత్రం ఆమె ఇప్పటికీ వాడుతుంది, ఎప్పటికీ వాడాలట. నేను ఆదివారాలు ఆమె ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దువాలే వేళకు మేడమీద చాప పరిచి, వేడినీళ్ళ గిన్నె మధ్యన పెట్టుకుని, పిండిన గుడ్డలు కళ్ళమీద వేసుకుని ఇద్దరం పక్కపక్కనే వెల్లకిలా పడుకుంటాం. కళ్ళు మూసుకుని ఉంటే మాటలు బాగా వస్తాయి. కింద వీధిలో బండ్ల హారన్లు, పూలమ్మే ఆవిడ కేకలు, సముద్రం వైపు నుంచి కాస్త చేపల వాసనతో చల్లగాలి. అక్క వారమంతా కూడబెట్టుకున్న ఫిర్యాదులు ఒక్కొక్కటే తీస్తుంది. నేను వింటాను. నేను మొదలుపెట్టబోతే "ఇరురా, ఆగు, నాది కానీ" అంటుంది.

మొదటి ఆదివారం మేము అలా పడుకుని ఉండగా బావ దుకాణం మూసి మేడమీదికి వచ్చాడు. మెట్లమీద ఆయన అడుగులు వినిపించి, ఆగిపోయాయి. కళ్ళమీద తడిగుడ్డలతో, కదలకుండా, వరసగా పడుకుని ఉన్న అక్కనూ తమ్ముణ్ణీ చూసి ఆయన గుండె జారినట్టుంది.

"అయ్యయ్యో, ఏమైంది మీకిద్దరికీ? ఏమయ్యా, నీకేం నొప్పి?" అన్నాడు కంగారుగా. అలవాటు కొద్దీ ముందు నన్నే అడిగాడు.

"నాకేమీ లేదు బావా" అన్నాను. ఆ మాట నా నోట పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వచ్చింది.

"వాడినెందుకు అడగతా ఉండావు?" అంది అక్క గుడ్డ తీయకుండానే. "నన్నడుగు. కూర్చో, చెప్తాను."

చాప అంచున ఆయన కూర్చున్న చప్పుడైంది. ఆ తరవాత ఎవరు ముందు నవ్వారో తెలియదు. నవ్వు ఆపుకోలేక నేను లేచి కూర్చున్నాను, గుడ్డ జారి గిన్నెలో పడింది, నీళ్ళు చిమ్మి బావ చొక్కా తడిసింది. ఆయన తిడుతూ నవ్వుతున్నాడు. అక్క మాత్రం గుడ్డ రెండు చేతులతో కళ్ళకు అదిమిపట్టుకుని, పడుకునే నవ్వుతూ, ముందుగా మోకాలి సంగతితో మొదలుపెట్టింది.